తరువాతి మనిషి వచ్చేదాకా

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలు. పొద్దుటి నుంచి ధారగా కురిసిన వాన అప్పుడే తుంపరకు దిగింది. గాలి బొత్తిగా లేదు, అందుచేత చినుకులు నిట్టనిలువుగా, ఎవరి తొందరా తమకు పట్టనట్టుగా పడుతున్నాయి. బస్సు ఆగే చోట రేకుల కప్పు కింద, ఎడమ చంకన పిల్లతో, కుడి భుజాన రెండు సంచులతో ఆమె నిలబడి ఉంది. ఒక సంచి తనది: తిండి డబ్బా, పనిలో తొడుక్కునే నీలం కోటు. రెండోది పిల్లది: పాలసీసా, పొడి బట్టలు, చెవి నలిగిన గుడ్డ కుందేలు. ఆ రెండో సంచీ, దానితోపాటు పిల్లా ఇంకాసేపట్లో చేతులు మారాలి. భర్త గాజుసీసాల కర్మాగారంలో ప్యాకింగు పని ముగించుకుని ఒంటిగంటకు బయటపడి, బస్సెక్కి ఇక్కడ దిగుతాడు. అదే బస్సు రోడ్డు చివరిదాకా పోయి, మలుపు తిరిగి, మళ్ళీ ఇక్కడికే వస్తుంది. అందులో ఆమె అదే కర్మాగారానికి, రెండింటికి మొదలయ్యే షిఫ్టుకు వెళుతుంది. బస్సు పోయి తిరిగి రావడానికి పట్టే ఆ కాస్త వ్యవధే వారి కాపురం. పిల్లకు మందు వేసిందీ లేనిదీ, ఇంటి యజమాని వచ్చి ఏమన్నదీ అందులోనే చెప్పుకోవాలి. వీలు చిక్కితే ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా అందులోనే. పక్కన బండి మీద తాళంచెవులు చేసే ముసలాయన నెలల తరబడి ఈ వ్యవహారం గమనించి, ఒకనాడు ఉండబట్టలేక, "మీది కాపురమా, పోస్టాఫీసా అమ్మాయ్? ఒకళ్ళు అందించడం, ఇంకొకళ్ళు అందుకోవడం. ముద్ర కొట్టడం ఒక్కటే తక్కువ," అన్నాడు. ఆమె నవ్వింది. తరువాత బస్సులో కూర్చుని, నవ్వినందుకు కలిగిన అలసట తీరడానికి కళ్ళు మూసుకుంది.

పిల్లకు ఏడాదిన్నర. పట్టుకున్నదాన్ని వదలదు కనుక ఇంట్లో దాని పేరు పిడికిలి. ఇప్పుడది తల్లి వానకోటు పై గుండీని పట్టుకుని ఉంది. అప్పగించే వేళ ఆ వేళ్ళను విప్పాలి. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టాలి, బొటనవేలి నుంచి మొదలుపెడితే తక్కినవి మరింత బిగుసుకుంటాయి. ఇది ఎవరో నేర్పింది కాదు, రోజూ చేయగా తెలిసింది. విప్పుతున్నంతసేపూ పిల్ల ముఖంలోకి చూడకూడదని కూడా అలాగే తెలిసింది. రేకు అంచున నీటిబొట్లు వరుసగా ఊరి, ఉబ్బి, జారుతున్నాయి. ఆమె కళ్ళు వాటంతట అవే ఒక్కొక్కదాన్నీ పరీక్షించి వదిలేస్తున్నాయి: ఇది బాగుంది, ఇది బాగుంది, దీని మెడ వంకర. పని మానినా కళ్ళు మానవు. మనుషులు వరుసగా నడిచివస్తే వాళ్ళనీ అలాగే చూస్తాయి, ఎక్కడ బీటుందో, ఎక్కడ గాలిబుడగుందో అని. కర్మాగారంలో తెల్లని వెలుగు పలక ముందు ఎత్తు పీట ఉంటుంది. దాన్ని అందరూ దీపం సీటు అంటారు. మందుల సీసాలు ఆ వెలుగు మీదుగా ఆగకుండా సాగిపోతుంటాయి, లోపం ఉన్నదాన్ని వేలితో తోసి కింద తొట్టిలో పడేయాలి. కొలిమి ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. కొలిమి ఆగదు కనుక సీసాలు ఆగవు, సీసాలు ఆగవు కనుక ఆ సీటు ఖాళీగా ఉండకూడదు. అందుకే అక్కడొక నియమం ఉంది, చేరిన రోజునే సూపర్‌వైజరు చల్లగా చెప్పాడు: తరువాతి మనిషి వచ్చి కూర్చునేదాకా ముందు మనిషి లేవకూడదు. దాహం వేసినా సరే, ఇల్లు మునిగినా సరే. ప్యాకింగులో అలాంటిదేమీ లేదు, గంట కొడితే పోవచ్చు. అందుకే అక్కడ జీతం తక్కువ. ఈ మూడు నెలల్లో ఆమె ఇప్పటికి రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళింది, ఒకసారి పిల్ల దగ్గుకు, ఒకసారి పిల్ల నిద్రకు. మూడోసారి కూడా జరిగితే సీటు ఇంకొకరికి ఇస్తారు. ఇది బెదిరింపు కాదు, గోడ మీద అతికించిన సంగతి.

బస్సు వచ్చింది. పిల్ల గుండీ వదిలి రెండు చేతులూ చాపింది. బస్సుల్లోంచి దిగేది నాన్నే అని దాని నమ్మకం, ఏ బస్సు వచ్చినా చేతులు చాపుతుంది. గొడుగు తెరవలేక ఒక ముసలావిడ దిగింది. ఇద్దరు విద్యార్థులు దిగారు. చివరికి, ప్యాకింగులో భర్త పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్రాడు తల మీద సంచి పెట్టుకుని దిగి, ఈమెను చూసి, నీటిగుంట దాటుకుని వచ్చాడు.

"వదినా, అన్నయ్య ఇప్పుడే రాడు."

"ఏమైంది?"

"ఏం కాలేదు, ప్రమోషను. పొద్దుటి షిఫ్టు పొడుగావిడ ఇవాళ రాలేదుగా. పొద్దున్నే సూపర్‌వైజరు మా దగ్గరికొచ్చి, 'మీ ఆవిడ దీపం సీట్లో చేస్తుందిగా, నీకూ వచ్చే ఉంటుంది, పద' అని అన్నయ్యని లాక్కుపోయాడు. పెళ్ళానికి వంటొస్తే మొగుడికీ వచ్చేసినట్టు."

"మరి ఎప్పుడొస్తాడట?"

"ఆ సీటుకి మనిషి రాగానే లేచి వచ్చేస్తానని చెప్పమన్నాడు. మీరు కంగారుపడతారని, సీసాల మీంచి చూపు తిప్పకుండానే గాజుతలుపు అవతల్నుంచి సైగలు చేసి మరీ చెప్పాడు. నేనొస్తా వదినా, మా అత్తగారు పిల్లాణ్ణి నాలుగింటిదాకానే చూస్తానంది, ఈలోగా కాస్త నడుం వాల్చాలి."

అతను వెళ్ళిపోయాడు. ఆమెకు మొదట కలిగింది ఊరట. ప్రమాదమేమీ కాదు, గాజు ఎవరి చేతిలోనూ పగల్లేదు. తరువాత కలిగింది కోపం. ఎవరు ఆ తరువాతి మనిషి? హాయిగా ఇంట్లో కూర్చుని, అవతల ఒకడు లేవడానికి లేక, వాడి పెళ్ళాం వానలో చంటిపిల్లతో నిలబడి ఉంటే, తీరిగ్గా తల దువ్వుకుంటున్నారు కాబోలు. ఇంట్లో చూసేవాళ్ళున్న మనిషై ఉంటుంది. అలాంటివాళ్ళకు గడియారం ఒక అలంకారం. బస్సు మలుపు తిరిగి వచ్చి ఎదుట ఆగింది. పిల్ల మళ్ళీ చేతులు చాపింది. ఎక్కాలా? ఎక్కితే పిల్లను ఏం చేయాలి? గేటు దాటి పిల్లలను రానివ్వరు. ఈ బస్సు వదిలేస్తే, అతను తరువాతి బస్సులో వస్తే, పిల్లను ఇచ్చి, అదే బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కితే, ఓ పావుగంట ఆలస్యం, బతిమాలుకోవచ్చు. కండక్టరు ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బస్సు పోయింది.

పోయిన బస్సు వెనుక రోడ్డు మీది నీళ్ళు మళ్ళీ సర్దుకున్నాయి. రోజూ ఏదో ఒకటి ఇలాగే సర్దుకుంటోంది, ఆమె తప్ప. మొదట అత్తగారు వచ్చి చూసుకుంది. నాలుగు నెలలు చూసుకున్నాక చిన్నకోడలికి కవలలు పుట్టారు, "నీకు ఒకటే కదమ్మా, అక్కడ రెండు" అని పెట్టె సర్దుకుంది. ఆ మాటలో తప్పు వెదికితే దొరకలేదు. తరువాత శిశు సంరక్షణ కేంద్రాలు. మొదటి కేంద్రంలో గోడల నిండా ఏనుగులు, నేల మీద మెత్తని చాపలు, ఫీజు ఆమె జీతంలో మూడొంతులు. అదయినా సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేస్తారు, ఆమె షిఫ్టు రాత్రి పదిదాకా. "ఆరు తరువాత పిల్లలు తల్లిదండ్రుల దగ్గర ఉండాలండీ, అది వాళ్ళ మానసిక ఎదుగుదలకు మంచిది," అంది అక్కడి నిర్వాహకురాలు. ఆమె అవునని తల ఊపింది, ఎందుకంటే అది నిజమే. రెండో కేంద్రం ప్రభుత్వానిది, ఫీజు అందుబాటులోనే ఉంది, చోటే లేదు. "మీరు గర్భంతో ఉన్నప్పుడే వచ్చి చెప్పి ఉండాల్సింది," అన్నారు. "అప్పుడు మా అత్తగారు ఉన్నారండీ," అంటే, "అందరికీ అత్తగార్లు ఉంటారమ్మా, ఉన్నంతకాలం," అంది ఆ గుమాస్తా, ఈమె కంటే నీరసంగా. మూడోది వాళ్ళుండే భవనంలోనే, పై అంతస్తు పిన్ని. ఆవిడ తన రెండు గదుల్లో ఐదుగురు పిల్లలను చూసేది. ఎవరికీ బొమ్మలు చూపేది కాదు, ఎవరినీ కొట్టేది కాదు, మధ్యాహ్నం అందరినీ ఒకే దుప్పటి మీద వరుసగా పడుకోబెట్టి చివరన తానూ పడుకునేది. ఆమె షిఫ్టు ముగించుకుని ఎక్కి వెళ్ళేసరికి పిడికిలి ఆవిడ జడ కొసను పట్టుకుని నిద్రపోతూ ఉండేది. అంతకంటే మంచి చోటు భూమ్మీద లేదు. కాని పిన్ని ఇంటి అద్దె పెరిగింది, పిన్ని డబ్బులు పెంచింది, అదే నెలలో భర్తకు ఓవర్‌టైము ఆపేశారు. ఆ రాత్రి ఇద్దరూ మంచం అంచున కూర్చుని ఆలోచించి, మనమే మార్చుకుంటూ చూసుకుందాం, బస్సు దగ్గర అందుకుందాం అని తేల్చుకున్నారు. ఎంత తెలివైన ఉపాయం దొరికిందని ఆ రాత్రి భర్త సంతోషించాడు కూడా. పిన్నికి చెప్పడానికి ఆమెకు మొహం చెల్లలేదు. చెప్పింది. పిన్ని కోప్పడలేదు, పిల్ల వేళ్ళను తన జడ నుంచి విప్పి ఇచ్చింది, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి. అవును, ఎవరూ నేర్పలేదనుకుంది గాని, అది నేర్పింది పిన్నే.

"ఇంకా రాలేదా మీ పార్శిలు తీసుకునే ఆయన?" అన్నాడు తాళాల ముసలాయన, ఆకురాయి తుడుచుకుంటూ.

"సీటుకి మనిషి రాలేదట తాతా. వస్తేగాని లేవకూడదు."

"ఏం సీటది, సింహాసనమా?"

"దీపం సీటు. నాదీ అదే పనిలే. పొడుగావిడ లేచాక నేను..."

ఆమె ఆగిపోయింది. పొడుగావిడ రోజూ మధ్యాహ్నం రెండింటికి పీట మీద నుంచి లేస్తూ, నడుం పట్టేసిందని మూలిగి, "ఇదుగో, వెచ్చబెట్టి ఉంచాను, కూర్చో," అంటుంది. ఎవరితో అంటుంది? నెలల తరబడి ప్రతిరోజూ ఎవరితో అంటోంది? రేకు అంచున నీటిబొట్టు ఒకటి ఉబ్బి, జారక, అలాగే వేలాడుతోంది. తెలియదని కాదు. ఈ లోకంలో ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. తెలిసినది తన దాకా నడిచి రావడానికి ఒక బస్సు వచ్చి పోయేంత వ్యవధి పట్టింది, అంతే. ఇంట్లో కూర్చుని తీరిగ్గా తల దువ్వుకుంటున్న ఆ తరువాతి మనిషి ఇక్కడ, రేకుల కప్పు కింద, పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. తాను వెళితేగాని అతను లేవడు. అతను వస్తేగాని తాను వెళ్ళదు. ఆ కుర్రాడు చెప్పాడు, తాను వింది, ఇద్దరికీ తట్టలేదు. భర్తకు కూడా తట్టి ఉండదు. అతనికి ఆ సీటు ఇవాళ కొత్త, సీసాల మీద నుంచి చూపు మరల్చడానికి భయపడుతూ కూర్చుని ఉంటాడు. ఇద్దరూ చెరో చోట నియమం తప్పకుండా, బుద్ధిగా, ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు. నవ్వు రావలసిన చోట కళ్ళ వెనుక బరువుగా ఏదో దిగింది, నిద్రలాంటిది. సెల్‌ఫోను చేయడానికీ లేదు, పనివాళ్ళ ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి.

"తాతా," అంది, "ఓ గంట పిల్లని చూస్తావా? మా ఆయన వచ్చి తీసుకెళతాడు."

అడుగుతుండగానే ఆమె చూపు బండి మీదికి పోయింది: ఇనుప రజను, సన్నని ఆకురాళ్ళు, నోట్లో పెట్టుకోవడానికి వీలైన పరిమాణంలో వందల తాళంచెవులు. ముసలాయన కూడా అటే చూశాడు.

"చూడాలనే ఉందమ్మాయ్. కాని ఇది మింగిందంటే నేను చూస్తూనే ఉంటాను, అంతకంటే ఏం చేయలేను. దీని చేతి పట్టు నాకు తెలుసుగా. నువ్వు బస్సెక్కు. పిల్లతో సహా ఎక్కు. అక్కడెవరో ఒకరుంటారు."

ఎవరో ఒకరు. ఆ మాటనే పట్టుకుని ఆమె తరువాతి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు లోపలి నుంచి నాన్న దిగకపోగా తామే లోపలికి వచ్చామేమని పిడికిలి ఆశ్చర్యపోయి, సీట్ల వరుసలన్నీ చూసి, ఎక్కడా లేడని తేలాక మళ్ళీ గుండీని పట్టుకుంది. అద్దం మీద నీళ్ళు పాయలు పాయలుగా జారుతున్నాయి. ఒక పాయ ఇంకొకదానిలో కలిసి, రెండూ కలిసి మూడోదాన్ని తోస్తున్నాయి. పొడుగావిడ ఎందుకు రాలేదు? ఎప్పుడూ మానని మనిషి. మొన్న శనివారం లేస్తూ ఏదో అంది. "మావాడొక్కడే మిగిలాడు పిన్ని దగ్గర. ఆడుకోడానికి తోడు లేక ఆవిడతోనే పోట్లాడుతున్నాడు. ఒక్కడి కోసం రెండు గదుల అద్దె కడతానా అంటోంది. సోమవారం నుంచి ఏం చేయాలో తెలీడంలేదు." ఆమె అయ్యో అని, పీట మీద కూర్చుని, సీసాల వైపు తిరిగింది. పిన్ని దగ్గర ఐదుగురు ఉండేవాళ్ళు. మొదట మానిపించింది తాను. నలుగురి మీద ఐదుగురి అద్దె పడింది, పిన్ని మళ్ళీ పెంచింది. పెంచేసరికి కింది అంతస్తు దర్జీ భార్య తన ఇద్దరినీ తీసుకుని పుట్టింటి దగ్గర దింపింది. ఇద్దరి మీద పడేసరికి ఇంకొకరు. చివరికి పొడుగావిడ కొడుకు, తోడు లేక పోట్లాడే పిల్లవాడు. ఇవాళ సోమవారం, వాడు ఇంట్లో, వాడితో వాళ్ళమ్మ ఇంట్లో, ఆవిడ సీట్లో తన భర్త, అతను లేవక తాను ఈ బస్సులో. మంచం అంచున కూర్చుని ఆ రాత్రి తాము మిగుల్చుకున్నది నెలలపాటు తిరిగి తిరిగి, ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగి, సరిగ్గా తమ గుమ్మానికే వచ్చింది. ఎవరూ తప్పు చేయలేదు. ఒక్కొక్కరినీ వెలుగు ముందు నిలబెట్టి చూసినా ఎవరిలోనూ బీటు కనబడదు. అయినా తొట్టి నిండుతూనే ఉంది.

కర్మాగారం గేటు దగ్గర దిగేసరికి రెండు దాటింది. వాన మళ్ళీ పెరిగింది. గేటు కాపలాదారు తన గదిలో స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముందు గోడగడియారాన్ని, తరువాత ఆమెను, ఆఖరున పిల్లను చూశాడు. వచ్చినవాళ్ళ పేరూ వేళా రాసి పెట్టడం ఆయన పని. ఆయన రాసిందే సూపర్‌వైజరుకు వేదం.

"పిల్లతో లోపలికి కుదరదమ్మా."

"తెలుసు బాబాయ్. మా ఆయన దీపం సీట్లో ఉన్నాడు. నేను వెళితేగాని ఆయన లేవకూడదు. ఆయన లేచి వస్తేగాని పిల్లని పట్టుకునేవాళ్ళు లేరు."

కాపలాదారు కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచన ముఖం మీద కనబడుతూనే ఉంది, నిదానంగా, ఒక చివర నుంచి రెండో చివరకు పోయి, అక్కడ ఏమీ లేక తిరిగి వచ్చింది.

"అంటే గేటు నుంచి షెడ్డుదాకా. ఆ మాత్రం దూరానికా మనిషి లేనిది?"

"ఆ మాత్రం దూరానికే."

"నాకు ముగ్గురు మనవలు. ఒక్కణ్ణీ ఎత్తుకోలేదు, డ్యూటీలోనే ఉన్నాను," అన్నాడు ఆయన, అది ఫిర్యాదులా కాకుండా అర్హతలేమిని ముందే ఒప్పుకుంటున్నట్టుగా. రెండు చేతులూ చాపాడు. ఆమె గుండీ మీది వేళ్ళను విప్పసాగింది, చిటికెన వేలు, ఉంగరపు వేలు. పిల్ల ముఖంలోకి చూడలేదు. చివరి వేలు వదిలిన మరుక్షణం ఆ చెయ్యి గాలిలో వెదికి, కాపలాదారు చొక్కాజేబులో ఉన్న కలాన్ని పట్టుకుంది, గట్టిగా. ఏడుపు ఇంకా మొదలుకాలేదు. అది వస్తోందని తల్లికి తెలుసు, వాన రావడానికి ముందు తెలిసినట్టు.

"బాబాయ్, నా వేళ..."

"ఏ వేళ? కలం నీ కూతురి చేతిలో ఉంది. ఒడిలో పిల్లని పెట్టుకుని రాయడం నావల్ల కాదు. అది ఇచ్చాక చూస్తాను. పో, పో."

ఆమె ఆవరణలో పరుగెత్తింది. వెనుక ఏడుపు మొదలైంది. షెడ్డు తలుపు దగ్గరికి వచ్చేసరికి కొలిమి హోరు దాన్ని మింగేసింది, ఆ హోరుకు జీవితంలో మొదటిసారి ఆమె కృతజ్ఞత చెప్పుకుంది, చెప్పుకున్నందుకు సిగ్గుపడింది. వెలుగు పలక ముందు భర్త వెన్ను కనబడింది, పొడుగావిడకు సరిపోయే ఎత్తు పీట మీద కాళ్ళు అందక, మెడ ముందుకు చాచి, ఒక వేలు పైకెత్తి ఉంచి. ఆమె భుజం తాకింది. అతను తల తిప్పలేదు, తిప్పకూడదని ఎవరో చెప్పి ఉంటారు.

"నువ్వా," అన్నాడు సీసాల వైపే చూస్తూ. "ఈ సీటుకి మనిషి ఎవరో ఇంకా రాలేదు. రాగానే..." అప్పుడు అతనికీ ఆ సంగతి నడిచి వచ్చింది, వెలుగులో అతని చెంప మీద అది రావడం ఆమె చూసింది. "పాప ఏదీ?"

"గేటు దగ్గర. కాపలా బాబాయ్ దగ్గర. ఏడుస్తోంది."

అతను లేచాడు, ఆమె కూర్చుంది. రెండు శరీరాలూ ఒక క్షణం ఒకే పీట అంచున ఆనుకున్నాయి; సీసాలు ఏమీ గమనించలేదు. "అన్నం తిన్నావా?" అని అతను అడిగాడో, అడిగాడని ఆమె అనుకుందో, తిరిగి చూసేసరికి అతను తలుపు దగ్గర ఉన్నాడు, పరుగెత్తుతున్నాడు. పీట వెచ్చగా ఉంది. మొదటి సీసా వచ్చింది. బాగుంది. రెండోది వచ్చింది. మెడ దగ్గర వెంట్రుకంత గీత ఉన్నట్టుంది, లేకపోతే అది తన కంట్లోని నీరు. ఏదైనా ఒకటే అనుకుని ఆమె దాన్ని తొట్టిలోకి తోసింది.

ఆ రోజు ఆమె ఆలస్యం నమోదు కాలేదు. పొడుగావిడ మళ్ళీ పనికి రాలేదు. ఆవిడ పొద్దుటి సీటు భర్తకే ఇచ్చారు. అప్పటి నుంచి రోజూ రెండింటికి ముందు, ఆమె లోపలికి వెళ్ళి అతను బయటికి వచ్చేదాకా, పిల్ల కాపలాదారు ఒడిలో కూర్చునేది. కొన్నాళ్ళకు ఏడుపు మానేసింది. ఏడాది తిరిగాక ఆయన పదవీ విరమణ చేశాడు. ఆయన స్థానంలో వచ్చిన మనిషి మర్యాదస్థుడే; నిబంధన ఏమిటో చదివి వినిపించి, క్షమించమన్నాడు. ఆ వారమే ఆమె ఉద్యోగం మానుకుంది. మూడేళ్ళ తరువాత, పిల్ల బడికి వెళ్ళడం మొదలయ్యాక, ఆమె తిరిగి పని అడగడానికి వెళితే దీపం సీట్లు ఖాళీ లేవన్నారు. ప్యాకింగులో చేర్చుకున్నారు, రోజుకూలీగా.